పాప పెట్టిన పూలు తీసి మళ్లీ పేర్చాను, ఇప్పుడు బతుకమ్మే వద్దంటోంది

నల్లగొండ నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. సొంతూరు దేవరకొండ దిక్కు. ఉద్యోగం నల్లగొండలో, పైఅంతస్తు కిరాయి ఇల్లు. ఆరేళ్ల పాప ఒకటో తరగతి, బాబుకు మూడేళ్లు. అత్తమ్మ వీళ్లతోనే ఉంటారు. పండుగ దగ్గరపడుతుందంటే ఈమెకు కాలు ఒకచోట నిలవదు. తొలి ఏకాదశికి పిల్లలతో జొన్న పేలాల పిండి కొట్టిస్తారు, చవితికి మట్టి వినాయకుణ్ని చేయిస్తారు, హోలీకి మోదుగుపూలు నానబెట్టి రంగు తీస్తారు. "వాళ్ల చేతులకు మట్టి అంటితే నాకు కడుపు నిండినట్టుంటది" అని రాశారు.

పోయినేడు బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు అదంతా తలకిందులైంది. పాప తానూ పేరుస్తానని కూర్చుంది. అడుగు వరుసలో గునుగు కట్టలు ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టింది. ఈమె పాప చూస్తుండగానే వాటిని తీసి మళ్లీ సరిగ్గా పేర్చారు. పాప లేచిపోయి గదిలో పడుకుంది, ఆ రాత్రి ఆటకు కూడా రాలేదు. అదే సందడిలో బాబు గన్నేరు మొగ్గ నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే తీసేశారు, ఏమీ కాలేదు. కానీ భర్త, "నీ ఫోన్ల స్టేటస్ కోసం పిల్లల పానం మీదికి తెస్తున్నవ్" అన్నారు. అత్తమ్మ, "మా కాలంల ఇంత ఆర్భాటం లేదు, మగపిలగానికి బతుకమ్మ కాడ ఏం పని" అన్నారు. తోటికోడలి పిల్లలు ట్యాబ్ పట్టుకుని చప్పుడు చేయక కూర్చుంటారట, వాళ్లింట్లో ఏ గొడవా లేదట. ఈసారి చవితి అయిపోగానే పాప, "నేను బతుకమ్మ పేర్చ, నువ్వే పేర్చుకో" అని ముందే చెప్పేసింది. "నా సంబురమే తప్పా? అన్నీ మానేసి ఊకోవాలా?" ఇదీ ఆమె అడుగుతున్నది.

అమ్మా, మీ సంబురం తప్పు కాదు. ఉద్యోగం చేసి వచ్చి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పేలాలు వేయించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? దాన్ని ఎవరి మాట పట్టుకునీ చంపుకోవద్దు. కాకపోతే మీ ఉత్తరంలో నాలుగు వేరువేరు సంగతులున్నాయి. నాలుగూ ఒకే సాయంత్రం జరిగాయి కాబట్టి మీకు ఒకే తప్పులా కనిపిస్తున్నాయి. పాప అలక ఒకటి, బాబు గన్నేరు మొగ్గ ఒకటి, అత్తమ్మ మాట ఒకటి, మీ ఆయన అన్న స్టేటస్ మాట ఒకటి. వీటిలో పాప సంగతే పెద్దది, దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

మీరు పాప పూలు ఎందుకు తీశారో మీకు తెలుసు. అడుగు వరుస వంకరైతే పైన ఎంత బాగా పేర్చినా బతుకమ్మ ఒరుగుతుంది. కాడలు పొట్టీపొడుగూ ఉన్నా, కట్టలు వదులుగా ఉన్నా, నడుమ పొట్టలో ఆకు గట్టిగా కూరకపోయినా రెండో వరుసకే తెలిసిపోతుంది, ఐదో వరుసకు కూలుతుంది. సద్దుల నాటి బతుకమ్మ తొమ్మిది రోజుల్లోకెల్లా పెద్దది, వాడకట్టంతా చూసేది, ఎత్తుకుని నడవాల్సింది. కాబట్టి మీ భయం ఉత్తది కాదు. పొరపాటు ఇంకోచోట ఉంది. ఆరేళ్ల బిడ్డకు మీరు ఇచ్చింది అన్నిటికన్నా కష్టమైన రోజున అన్నిటికన్నా కష్టమైన వరుస. పెద్దవాళ్లకే చెయ్యి తిరగాల్సిన చోట ఆమెను కూర్చోబెట్టి, రాలేదని తీసేశారు. బిడ్డకు అర్థమైంది ఒక్కటే: నేను పెట్టింది పనికిరాదు.

ముందు ఆ మాట తేల్చండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. పండుగ ఊసు లేని రోజున, తల దువ్వేటప్పుడో అన్నం కలిపేటప్పుడో, "పోయినేడు నువ్వు పెట్టిన పూలు నేను తీసేసిన బిడ్డా, తియ్యకపోయేది ఉండె" అని ఊరుకోండి. "అందుకే ఈసారి నువ్వు తప్పక పేర్చాలె" అని వెనకనే తోక తగిలించారంటే ఆ మాటకు విలువ పోతుంది. పాప ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, విన్నది చాలు.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. మీ ముందు రెండు మూడు దారులున్నాయి, దేని మంచిచెడ్డలు దానివి.

నాకైతే మొదట తట్టేది బొడ్డెమ్మ. పేలాల దగ్గర్నుంచి మోదుగుపూల దాకా అన్నీ రాశారు గానీ బొడ్డెమ్మ ముచ్చట మీ ఉత్తరంలో లేదు, టౌనుకు వచ్చాక విడిచిపెట్టినట్టున్నారు. పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) ముందు తొమ్మిది రోజులు ఆడే బొడ్డెమ్మ పెళ్లికాని ఆడపిల్లలది. తొమ్మిది రోజులు కుదరనివాళ్లు ఐదు రోజులో మూడు రోజులో ఆడతారు. బతుకమ్మ దగ్గర పెద్దలు ముందుంటారు, పిల్లలు వెనక. బొడ్డెమ్మ దగ్గర పిల్లలే ముందు. అంటే మీ పాపకు పెత్తనం ఇవ్వడానికి కొత్త ఉపాయం వెతకక్కర్లేదు, మన ఆచారంలోనే ఆ చోటుంది. చవితి అయిపోయిందంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం మీకు అందేసరికి ఇంకా వేళ ఉండాలి. కిరాయి ఇంట్లో గుంత తవ్వలేరు, బాయి బొడ్డెమ్మ కుదరదు. పీట మీద మట్టితో మెట్లుమెట్లుగా కట్టి పూలు గుచ్చే పీట బొడ్డెమ్మకు మాత్రం ఏ అడ్డూ లేదు.

మట్టి సంగతి జాగ్రత్త. నల్లగొండ, పాలమూరు దిక్కు చెల్కల ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ. ముద్ద కడుతుంది గానీ అంచు నిలవదు, ఆరగానే రాలుతుంది. ఉత్త నల్లరేగడి అయితే ఆరేటప్పుడు ముడుచుకుని పెద్ద పెద్ద పగుళ్లు ఇస్తుంది. పుట్టమన్ను మంచిదే, కానీ పిల్లల్ని పుట్ట దగ్గరికి పంపొద్దు, పాము భయం. కుమ్మరి దగ్గర కలిపిన మట్టి దొరికితే అన్నిటికన్నా మేలు. ఐదు అంతరాలకు, అంటే మెట్లకు, ఒక్కొక్కటి అంగుళం మందం, అడుగుది ఏడున్నర అంగుళాల చదరం, పైకి పోతున్నకొద్దీ అంగుళంన్నర తగ్గిస్తూ పోతే, మూడున్నర నుంచి నాలుగు కిలోల తడిమట్టి సరిపోతుంది. ముందురోజు రాత్రే పిసికి తడిబట్ట కప్పి ఉంచండి. వేళ్లకు అంటుకోకుండా, నొక్కితే అంచు పగలకుండా ఉంటే పాకం కుదిరినట్టు. ఎండలో పెట్టారంటే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి చీలుతుంది, నీడలోనే ఆరనివ్వాలి. అయినా సన్నటి పగుళ్లు వస్తాయి. తడివేలితో రుద్దితే పోతాయని పాపకు చూపించండి, రుద్దడం ఆమెకు వదిలేయండి.

మట్టి పిసకడం, పీట తేవడం మీ పని. అంతరాలు కట్టడం, పూలు గుచ్చడం ఆమె పని. అది వంకరగా వస్తుంది, వచ్చి తీరుతుంది. మట్టిది కాబట్టి వంకరున్నా కూలదు, పూలతో కట్టినదానికీ దీనికీ తేడా అదే. ఇరుగుపొరుగు ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తే చాలు, మీరు లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకోవచ్చు. మరి దీంట్లో నష్టం లేదా అంటే, ఉంది. తొమ్మిది రోజులూ సాయంత్రం ఇల్లు మట్టిమట్టి అవుతుంది, పైఅంతస్తు మెట్ల మీద మట్టి పడితే ఇంటి ఓనరు మాటొస్తుంది. గోనెసంచి పరిచి, పని ఒకే మూలకు కట్టేయండి. ఇంకోటి, బొడ్డెమ్మ బాగా ఆడినంత మాత్రాన పాప బతుకమ్మకు వస్తుందన్న హామీ లేదు. రాకపోయినా ఆమెకు తనదైన పండుగ ఒకటి దక్కింది.

రెండో దారి, బతుకమ్మనే ఇద్దరికి రెండు చేయడం. మన దగ్గర పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది పెట్టడం ఎట్లాగూ ఉంది, పిల్ల బతుకమ్మ అంటారు. ఆ చిన్నది పూర్తిగా పాపది కానివ్వండి. పెద్ద తాంబాళం, సిబ్బి వద్దు. అంచున్న ఎనిమిది అంగుళాల స్టీలు పళ్లెం చాలు. అడుగున గుమ్మడాకు, మూడు వరుసలు, జానెడు ఎత్తు. మొదటి వరుసకు ఆరేడు కాడల గునుగు కట్టలు పదహారు, పదిహేడు పడతాయి. రెండో వరుసకు ముద్దబంతి తొమ్మిదో పదో. మూడో వరుసకు రంగు గునుగు కట్టలు పన్నెండు దాకా. కట్టలు దారంతో కట్టి, కాడలు మూడంగుళాలకు సమంగా కోసి ఇవ్వడం మీ వంతు. కత్తెర మీ చేతిలో, పువ్వు ఆమె చేతిలో. కాడలు సమంగా ఉంటే ఆరేళ్ల చెయ్యి పెట్టినా వరుస కుదురుగానే వస్తుంది. సగం వంకరతనం కాడల్లోనే ఉంటుంది, చేతిలో కాదు. బంతిపూలకు రెండంగుళాల కాడ ఉంచి తెంపండి. అంగట్లో మొండిపూలే దొరికితే ఒక్కో పువ్వుకు చీపురుపుల్ల ముక్క గుచ్చి ఇవ్వండి, లేకుంటే జారిపోతాయి.

ప్రతి వరుస తర్వాత నడుమ తంగేడు ఆకు, మిగిలిన కాడల తుంపులు వేసి అరచేత్తో అదమాలి. పిల్లలు ఇది మరిచిపోతారు, పువ్వు మీదే చూపు ఉంటుంది. "పొట్ట నింపినవా?" అని ఒక్కసారి అడగండి. నింపకపోతే ఒరుగుతుంది. ఒరిగితే ఒరగనివ్వండి. "ఎందుకు ఒరిగింది అమ్మా?" అని ఆమే అడిగిన రోజు చెప్పింది బుర్రకెక్కుతుంది. ఇక్కడ మీకు కష్టమైన పని ఒకటే, చేతులు కట్టుకుని కూర్చోవడం. ఊరుకోలేననిపిస్తే అదే వేళకు మీ పెద్ద బతుకమ్మ మొదలుపెట్టండి, చేతికి పని ఉంటే పాప పళ్లెం వైపు పోదు.

ఈ దారిలో చిక్కు ఏమిటంటే పూలు రెండింతలు కావాలి, సమయమూ కావాలి. రెండూ తీసుకుపోవడానికి ఇంకో చెయ్యి కూడా ఉండాలి. ఇంకోటి కూడా ఉంది. పాప పళ్లెం పక్కన మీది నిలువెత్తుగా నిలబడితే, వాడకట్టులో అందరూ మీదాన్నే మెచ్చుకుంటారు. ఆరేళ్ల పిల్లకు అది కనబడుతుంది. ఈ ఒక్కసారికి మీది ఐదారు వరుసలకు ఆపేస్తే ఏమీ పోదు.

ఇద్దరికీ రెండు చేసే తీరిక లేదంటే మూడో దారి, మీ బతుకమ్మలోనే ఆమెకు తగిన పని. అడుగు వరుస కాదు. గునుగుకు రంగు వేయడం ఆమెకు అప్పజెప్పండి, అది ముందురోజే తెమలాల్సిన పని. చెంబెడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు రంగు, మిఠాయిల్లో వేసేదైతే నోట్లో వేలు పెట్టుకునే బాబు ఉన్న ఇంటికి నయం. నీళ్లు సలసల కాగితే రంగు చిక్కగా పడుతుంది గానీ పిల్ల చేతికి అది వద్దు. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి, రంగు కొంచెం లేతగా వస్తుంది. తెల్లటి కంకి వరకే ముంచి, దులిపి, తలకిందులుగా తాడుకు వేలాడదీయాలి. తెల్లారేదాకా ఆరాలి. తడి ఆరకముందే పేరిస్తే కింది తంగేడంతా ఎరుపు, పచ్చ చారలవుతుంది, కొత్త బట్టలు కూడా. పైవరుస, పసుపు గౌరమ్మ కూడా ఆమెకే ఇవ్వండి. నాలుగు చెంచాల పసుపుకు చెంచాడు నీళ్లు చాలు, చుక్కచుక్కగా కలపాలి. ఒకేసారి పోస్తే జారుడై గౌరమ్మ నిలవదు. గుమ్మడి పువ్వులో పెట్టి పైన కూర్చోబెట్టేది ఆమె చెయ్యే కావాలి. ఇందులో గొడవ తక్కువ, ఆమె చేసింది పడిపోదు కూడా. కాకపోతే "ఇది నాది" అని చూపించుకునేందుకు ఆమెకు మిగిలేది కొద్దిగానే.

ఇవేవీ కాక, ఈ ఏడు పాపను పూర్తిగా వదిలేయవచ్చు కూడా. అది ఓటమి కాదు. మీరు పేర్చుకుని, మీరు ఆడుకుని రండి. తల్లి తన కోసం తాను ఆడుతుంటే చూడడం కూడా పిల్లకు పండుగే. మీ ఇంట్లో ఇప్పటిదాకా పండుగలన్నీ పిల్లల పేరు మీద నడిచాయి. పిల్లలు లేకుండా కూడా మీకు బతుకమ్మ ఇష్టమే కదా? ఆ సంగతి పాపకు తెలిస్తే ఆమె మీద బరువు తగ్గుతుంది. ఇప్పుడు తాను మొహం మాడిస్తే అమ్మ పండుగ పాడవుతుందన్న భారం ఆమె మోస్తోంది. ఆరేళ్లకు అది ఎక్కువ.

బాబు విషయంలో మీ ఆయన మాట కటువుగా ఉన్నా అందులో నిజం ఉంది. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, పచ్చ గన్నేరు, మూడూ విషమే. పువ్వు, ఆకు, పాలు, కాయ, ఏదైనా కడుపులోకి పోతే గుండె మీద పనిచేస్తుంది. మూడేళ్ల పిల్లవాడున్న ఇంట్లో బతుకమ్మలోకి గన్నేరు అసలు తేవద్దు, ఉమ్మెత్త కూడా. మందారం, బీరపువ్వు, గుమ్మడి పువ్వు, పట్టుకుచ్చులు ఉన్నాయి, రంగులకు కొదవ లేదు. గుమ్మడాకు దొరక్క ఆముదపాకు తెచ్చేవాళ్లున్నారు. ఆకుతో పాటు కాయల గెల ఇంట్లోకి రానివ్వకండి, ఆముదం గింజ కొరికితే ప్రమాదం. ఎప్పుడైనా నోట్లో పెట్టుకుని నమిలాడనిపిస్తే, నోట్లోది తీసి, నీళ్లతో కడిగి, ఆ కొమ్మ ముక్క వెంట పట్టుకుని వెంటనే దవాఖానకు పోవాలి. వేలు పెట్టి కక్కించొద్దు. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చుని చూడొద్దు.

గునుగు విషయంలో ఇంకో జాగ్రత్త. ఇప్పుడు మన దిక్కు ఎక్కువ గునుగు పత్తి చేన్లలో, గట్ల మీద దొరుకుతోంది. ఆ చేనికి మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెంపండి. అంగట్లో కొన్నదైతే కాడలతో సహా రెండు నీళ్లలో జాడించి ఆరబెట్టండి. గునుగు నుంచి నల్లటి సన్న గింజలు రాలుతుంటాయి, పిల్లల కళ్లలో పడతాయి. కట్టలు కట్టేముందు ఒకసారి గట్టిగా దులిపితే చాలావరకు పోతాయి. తంగేడు పొద్దున తెంపితే సాయంత్రానికి వాడుతుంది. తడిబట్టలో వదులుగా చుట్టి నీడలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కడితే లోపల ఉడుకెక్కి నల్లబడుతుంది.

అత్తమ్మ అన్న రెండు మాటలను వేరు చేయండి. మగపిలగానికి ఏం పని అన్నదానికి వాదన అక్కర్లేదు, ఆమెకు తెలిసిన ఆచారమే జవాబు. చేన్ల వెంట, గుట్టల వెంట తిరిగి తంగేడు, గునుగు మోపులు కట్టి తెచ్చేది ఊర్లలో ఎక్కువగా మగవాళ్లు, మగపిల్లలే. "వీడు పువ్వు తెచ్చేటోడు అత్తమ్మా" అనండి. తండ్రి వెంట బండి మీద పోయి రెండు కొమ్మలు పట్టుకొస్తాడు. ఇంట్లో, బంతి ఒక గంపలో, గునుగు ఒక గంపలో వేరు చేస్తాడు, అదీ పదినిమిషాలే, ఆ వయసుకు అంతకన్నా ఆశించొద్దు. హోలీ ముందు జాజిరి ఆట వచ్చినప్పుడు కోలలు పట్టుకుని తిరిగే వంతు ఎట్లాగూ వాడిదే.

ఆర్భాటం అన్న మాట మాత్రం కొంచెం ఆలోచించదగ్గది. ఆమె కాలంలో పిల్లలకు పండుగ ఎవరూ నేర్పలేదు. పెద్దలు చేస్తుంటే పక్కన మెసలుకుంటూ పట్టుకున్నారు. ఇప్పుడు మీరు దాన్ని పాఠంలా కూర్చోబెట్టి చేయిస్తుంటే ఆమెకు వింతగా ఉంటుంది. ఆమె దగ్గర మీకు లేనివి రెండు ఉండవచ్చు, పాటలు, చేతి తీరు. పాటలు పాపకు నేర్పమని ఆమెను అడగండి. అడిగాక మీరు ఆ గదిలో ఉండకండి. మీకు తెలిసిన చరణానికీ ఆమె చరణానికీ తేడా ఉంటుంది, ఊరూరికీ పాట మారుతుంది, సరిదిద్దబోయారో కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఆమె ఒప్పుకోకపోతే బతిమాలకండి.

మీ ఆయన మాటకు వస్తే, స్టేటస్ కోసమే చేస్తున్నారా లేదా అన్నది నేను చెప్పలేను, మీరు తేల్చుకోవచ్చు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఫోను బీరువాలో పెట్టి చూడండి. సంబురం తగ్గకపోతే ఆయన మాట తప్పు. ఎక్కడో వెలితిగా అనిపిస్తే కొంత నిజం ఉంది. ఉన్నా నేరం కాదు, తెలిసి ఉండడం మంచిది. ఫొటో పూర్తిగా మానమని అనను. పని నడుమ ఫొటో తీయాలంటే "ఇటు చూడు, చెయ్యి అట్ల పెట్టు" అనక తప్పదు, అక్కడ పిల్ల ఆట ఆగిపోతుంది. అంతా అయ్యాక ఒకటి తీసి లోపల పెడితే ఆ బాధ లేదు. పాప బతుకమ్మ ఫొటో ఎవరికైనా పంపాలంటే పాపనే అడగండి. ఆరేళ్లకు ఆ మాత్రం చెప్పగలదు.

తోటికోడలి పిల్లలతో పోలిక వదిలేయండి. చప్పుడు లేని ఇల్లు, గొడవ లేని ఇల్లు ఒకటి కావు. ఆ ఇంటి సంగతి మీకు బయటినుంచే తెలుసు.

మీరు రాయకపోయినా ఉత్తరంలో అలసట కనబడుతోంది. ఉద్యోగం చేస్తూ తొమ్మిది రోజులూ తొమ్మిది నైవేద్యాలు, రోజూ పేర్చడం అవసరం లేదు. చాలా ఇళ్లలో ఎంగిలిపూలు, సద్దులు పెద్దగా చేసి నడుమవి తేలిగ్గా కానిస్తారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ నాడు పేర్చేదే లేదు. బడికి దసరా సెలవులు ఇస్తారు గానీ మీ ఆఫీసుకు ఇవ్వరు కదా. నడుమ రోజుల్లో పూలు పక్కన పెట్టి, పిల్లల చేతికి నైవేద్యం ఇవ్వండి, అది అరగంట పని. అటుకుల నాడు అటుకుల్లో తరిగిన బెల్లం కలపడం బాబు కూడా చేస్తాడు. నానబియ్యం నాడు నీళ్లు వంచి, బట్ట మీద ఆరిన బియ్యంలో బెల్లం, కొద్దిగా పాలు కలిపి ముద్దలు చేయవచ్చు. పాలు ఎక్కువైతే ముద్ద కట్టదు. వేపకాయల నాడు బియ్యప్పిండి ముద్దను వేపకాయలంత చేసి పళ్లెంలో పేర్చడం పాపకు భలే కుదిరే పని. పిండిలో గాలి చిక్కుకుంటే, పైన ఎండి లోపల తడి ఉంటే నూనెలో టప్పున పేలి చిమ్ముతాయి. అందుకే చేసిన వెంటనే తడిబట్ట కప్పండి. కాల్చేటప్పుడు పిల్లలు వంటింట్లో ఉండొద్దు. సద్దుల నాడు మలీద పిల్లలకే ఇవ్వండి: నాలుగు రొట్టెలు, వంద గ్రాముల బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి. రొట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడే నలపాలి, చల్లారి గట్టిపడితే పలుకులు పలుకులుగా ఉండి ముద్ద కట్టదు. పేలాల పిండి ముచ్చట రాశారు కాబట్టి ఒకటి చెప్పాలి. బాబుకు పొడిపిండి గుప్పిటతో పోయొద్దు, నవ్వినా మాట్లాడినా పొరబోతుంది. నెయ్యి, బెల్లం వేసి ముద్ద చేసి పెట్టండి.

బతుకమ్మను సాగనంపేటప్పుడు పిల్లలు నీళ్ల దగ్గరికి దిగొద్దు. పానగల్లు ఉదయసముద్రం అయినా, మీ ఊరి చెరువైనా, ఆ నాడు జనం, చీకటి, పాకుడు మెట్లు. పిల్ల బతుకమ్మను కట్ట మీదే పెద్దవాళ్ల చేతికి అందిస్తే చాలు. అది కూడా వద్దనుకుంటే ఇంట్లోనే టబ్బులో నిమజ్జనం చేసి, గౌరమ్మను తీసుకుని, ఆ పూలు చెట్టు మొదట్లో వేయండి. పాప దగ్గర ఉండి చూస్తుంది, తొందర ఉండదు. చెరువు దగ్గరి సందడి మాత్రం ఉండదు, అది కావాలని ఏడిస్తే తండ్రి చంకనెక్కించుకుని చూపించి తేవచ్చు.

ఇంత చేసినా పాప రానంటే ఇంకోసారి అడగొద్దు. "చెల్లి పేరుస్తుంది చూడు, పక్కింటి అక్క పేరుస్తుంది చూడు" అనొద్దు. సద్దుల నాడు మీరు పేర్చడం మొదలుపెట్టేటప్పుడు చిన్న పళ్లెం ఒకటి, కాడలు సమంగా కోసిన గునుగు కట్టలు కొన్ని, నాలుగు బంతిపూలు ఒక పక్కన ఉంచండి. ఎవరి కోసమో చెప్పకండి. వస్తే వస్తుంది. రాకపోతే మీ ఆఖరి వరుసకు పనికొస్తాయి.